వాడంతా పని లేనప్పుడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వరంగల్, హన్మకొండ, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు పని పోవడం గురించి, ఆ వెనకాలే నిద్ర, ధైర్యం పోవడం గురించి ఉన్నాయి. ఒక మానసిక వైద్యుడు, ఒక కార్మిక సమస్యల సలహాదారు కలిసి జవాబులు రాశారు. రాసినవాళ్ల పేర్లు తీసేశాం.

మా ఆయన పనిచేసే జిన్నింగ్ మిల్లు మూతబడి ఏడాది దాటింది. మా గల్లీల పది ఇండ్లుంటే ఆరేడు ఇండ్లల్ల మొగోళ్లు ఇంటికాడనే ఉంటున్నరు. "అందరిదీ ఇదే కత గదా, నువ్వెందుకు ఇంత కుములుతవు" అంటే మాట్లాడడు. నాకు బట్టల దుకాణంల నౌకరి ఉంది. అయినా ఈ నడుమ నాకు సుత పొద్దున లేవబుద్ధి అయితలేదు. ఎందుకిట్ల?
– ఒక సోదరి, కాశిబుగ్గ

అమ్మా, "అందరిదీ ఇదే కత" అన్న మాట సగమే నిజం. చుట్టూ పని లేనివాళ్లు ఎక్కువగా ఉన్నచోట సిగ్గు కొంత తగ్గుతుంది. బ్రిటన్ కుటుంబ సర్వేల ఆధారంగా ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త 2003లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపింది: చుట్టుపక్కల నిరుద్యోగం ఎక్కువైతే, పని లేనివాడి మనోవేదన కొంత తక్కువగా ఉంటుంది. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. పని పోయినప్పుడు తక్కువ బాధపడ్డవాళ్లు ఎక్కువ కాలం పని లేకుండానే ఉండిపోయారు. సిగ్గు తగ్గడంతో పాటు వెతుకులాట కూడా తగ్గుతుందన్నమాట. మీ గల్లీలో ఈ రెండూ జరుగుతుండవచ్చు.

1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. ఊరు ఊరంతా దాని మీద బతికినవాళ్లే. మారీ యహోడా, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి చూశారు. చేతిలో కావలసినంత టైముండి కూడా జనం లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గింది. మగవాళ్ల నడక మెల్లబడింది, చాలామంది గడియారం పెట్టుకోవడం మానేశారు. ఆడవాళ్లకు ఇంటి పని ఉండడం వల్ల వాళ్ల రోజు అంతగా చెదరలేదు. పని జీతం ఒక్కటే ఇవ్వదని యహోడా తర్వాత రాశారు. రోజుకు ఒక లెక్క, ఇంటి బయటి మనుషులతో మాట, నలుగురితో కలిసి చేసే ఒక ప్రయోజనం, సమాజంలో ఒక గుర్తింపు, ఒళ్లు వంచి చేసే ఏదో ఒక పని – ఇవన్నీ నౌకరితో పాటే వస్తాయి, నౌకరితో పాటే పోతాయి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడ్డప్పుడు, షిఫ్టుల మీద నడిచిన వరంగల్ ఇండ్లల్లో ఏమేం పోయాయో ఈ వరుసలోంచే చూడవచ్చు.

మీ ఆయనకు "ధైర్యంగా ఉండు" అని చెప్పడం వల్ల ఫలితం ఉండదు. పోయిన ఆ ఐదింటిలో రెండింటిని తిరిగి తేవడానికి చూడండి. మొదటిది లేచే టైము. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఆరింటికి లేవాలి, ఏడింటికల్లా స్నానం చేసి ఇంటి బయట ఉండాలి. రెండోది, ఆయన కోసం ఇంకొకరు ఎదురుచూసే ఒక పని. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు పిల్లల్ని బడికి దింపడం, ముసలివాళ్ల ఆసుపత్రి చీటీ రాయించడం లాంటివి. తానొక్కడే చేసుకునే పనులు మూడోరోజుకే ఆగిపోతాయి. ఎదుటిమనిషి గడపలో నిలబడి చూస్తున్నప్పుడు మాత్రం మానలేడు. రాత్రి పడుకునే ముందు "రేపు తొమ్మిదింటికి ఎటు పోతున్నవు?" అని అడగండి. "ఇంకా ఏం దొరకలేదా?" అని అడగొద్దు.

ఇక మీ సంగతి. నౌకరి ఉన్నవాళ్లను కూడా వాడలోని నిరుద్యోగం వదలదు. రేపు నాదీ పోతుందేమోనన్న భయం, చేబదులు అడిగేవాళ్లకు లేదని చెప్పలేని ఇబ్బంది, ఇంట్లో రెండు పాళ్లు బరువు, ఎవరితో మాట్లాడినా అదే ముచ్చట. మీరు బలహీనులు కారు, మోయాల్సినదే ఎక్కువ. సాయంత్రం దుకాణం నుంచి వచ్చాక అరగంట ఎవరి పనీ చేయకుండా ఉండే వీలు ఇంట్లో అడిగి తీసుకోండి. వంటలో ఒక పూట ఆయనకు అప్పజెప్పండి. ఆయనకూ అది మందే. పొద్దున లేవబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే, కింది జవాబులో ఉన్న తొమ్మిది ప్రశ్నలు మీరూ వేసుకోండి.

నాకు 52 ఏండ్లు. జంపఖానాలు నేసేటోన్ని. ఆర్డర్లు లేక మగ్గం నిలిచి ఎనిమిది నెలలైంది. ఛాతీ పట్టేసినట్టు, ఒళ్లంత గుంజినట్టు, రాత్రి మూడింటికి మెలకువ. ఈసీజీ, ఎకో తీస్తే మంచిగనే ఉన్నదన్నరు. మరి నా నొప్పి అబద్ధమా?
– కొత్తవాడ, వరంగల్

అన్నా, నొప్పి నిజం. మన దగ్గర దిగులు చాలాసార్లు ఒళ్లునొప్పి రూపంలోనే డాక్టరు దగ్గరికి వస్తుంది. గుండె బాగుందని తేలాక ఇంకో ఎకోకు డబ్బు పెట్టకండి. చేయించాల్సినవి నాలుగే రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీ12. వీటిలో తేడా ఉన్నా ఇలాంటి అలసటే వస్తుంది.

తర్వాత ఒక కాగితం తీసుకోండి. గడిచిన రెండు వారాల్లో ఇవి ఎన్ని రోజులున్నాయో రాయండి: ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, అలసట, ఆకలి తగ్గడం లేదా పెరగడం, నేను పనికిరానివాణ్ని అనిపించడం, దేని మీదా మనసు నిలవకపోవడం, మాట, కదలిక మందగించడం లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన. అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి పైగా రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27కు. పది, ఆపైన వస్తే మానసిక వైద్యుణ్ని కలవాలి. ఇరవై, ఆపైన వస్తే ఆలస్యం చేయొద్దు. చివరి ప్రశ్నకు సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే వెళ్లాలి.

ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించేటప్పుడు ఆ విభాగం పేరు మీరే చెప్పండి. "ఛాతీ నొప్పి" అని మాత్రమే అంటే మళ్లీ జనరల్ మెడిసిన్‌కు పంపుతారు. పాత రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో తీసుకెళ్లండి. రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుందో, తాగుడు ఉంటే ఎంతో దాచకుండా చెప్పండి.

మాత్రలు రాస్తే చాలామంది ఒకే చోట పొరపడతారు. దిగులు తగ్గించే మందు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి గుణం కనపడడానికి ఆరు నుంచి ఎనిమిది. కడుపులో తిప్పడం, నిద్ర చెదరడం లాంటి ఇబ్బంది మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. గుణం రాకముందే ఇబ్బంది వచ్చేసరికి "పడలేదు" అని మానేస్తారు. ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోవచ్చు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇవి అలవాటయ్యే మాత్రలు కావు. అలవాటయ్యేది మందుల దుకాణంలో "నిద్ర గోలి" అని అడిగి తెచ్చుకునే ఆల్ప్రాజోలం లాంటివి. దాని జోలికి సొంతంగా పోవద్దు.

రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇరవై నిమిషాలకు మించి మంచం మీద దొర్లకండి. లేచి మసక వెలుతురులో కూర్చోండి, నిద్ర వచ్చాకే మళ్లీ పడుకోండి. మధ్యాహ్నం మూడు తర్వాత చాయ్ వద్దు. పగటి నిద్ర అసలే వద్దు.

గ్రూప్స్‌కు చదువుతూ హన్మకొండలో రూమ్ తీసుకొని నాలుగేండ్లు. ఊరికి పోతే "ఏమాయె?" అంటరని పండుగకు కూడా పోతలేను. చదివింది గుర్తుంటలేదు.
– ఒక తమ్ముడు, ములుగు జిల్లా

తమ్ముడూ, ఇందులో నీ చేతిలో లేనిది చాలా ఉంది. 2022 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కు పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఎప్పుడు జరుగుతుందో తెలియని పరీక్షకు రోజుకు పన్నెండు గంటలు చదవడం ఎవరివల్లా కాదు. గుర్తుండకపోవడం తెలివి తగ్గినందుకు కాదు. నిద్ర చాలక, భయం ఎక్కువై జరిగేది.

రోజుకు ఆరు గంటలు చదువు, అందులో రెండు గంటలు పుస్తకం మూసి రాసి చూసుకోవడానికే. మిగతా సగం పూట ఎంత చిన్నదైనా జీతం వచ్చే పని చెయ్యి: ట్యూషన్, డేటా ఎంట్రీ, దుకాణంలో లెక్కలు. చదువు చెడుతుందని భయపడతావు. రూమ్ కిరాయికి ఇంట్లో చేయిచాచే పని తప్పితేనే చదువు నిలుస్తుంది. ఎన్ని నోటిఫికేషన్ల దాకా చూస్తావో ఇప్పుడే కాగితం మీద రాసి, అమ్మకో నాన్నకో చూపించు. ఆ హద్దు ఫలితం వచ్చిన రాత్రి పెట్టుకునేది కాదు. ఆ రాత్రి ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. పండుగకు ఊరికి పో. "ఏమాయె?" అంటే "పరీక్ష రాసిన, పని గూడ చేస్తున్న" అను, అక్కడితో ఆపు.

మా ఇంటాయన పని లేనప్పటి నుంచి పొద్దుమాపు కల్లు దుకాణంలనే. కోపానికి వచ్చి రెండు రోజులు ఇంట్ల పెట్టి తాళమేసిన. చేతులు వణికి, ఏందేందో కనవడుతున్నదని అరిచిండు. భయపడి మళ్ల పంపిన.
– ఒక అక్క, నిజామాబాద్ జిల్లా

అక్కా, మీకు కనపడింది మొండితనం కాదు, ప్రమాదం. మన వైపు కొన్ని దుకాణాల్లో దొరికే కల్లు చెట్టు నుంచి దింపిన కల్లు కాదు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపినవి ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. రోజూ తాగే మనిషికి అవి ఒక్కసారిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడవచ్చు, వినపడవచ్చు. సారా, బ్రాందీ రోజూ తాగేవాళ్లకూ ఇంతే: వణుకు మొదటి రోజే, ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, మతిస్థిమితం తప్పడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. ఇందులో ప్రాణం పోయే అవకాశం ఉంది.

కాబట్టి ఇంట్లో తాళమేసి మాన్పించొద్దు. తాగుడు మాన్పించడం ఆసుపత్రిలో జరగాలి. అక్కడ కొలిచిన మోతాదులో మాత్ర ఇచ్చి, దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంటుంది. ఫిట్స్ వస్తే 108. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు – ఏవీ పెట్టొద్దు. ఇంటికి వచ్చాక మొదటి నెల సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఆయన ఎక్కడుంటాడో ముందే అనుకోండి. పని లేని వాడలో మగవాళ్లందరూ కూర్చునే చోటు కల్లు దుకాణమొక్కటే అయితే, ఆయన ఎన్నిసార్లు మానినా అక్కడికే చేరతాడు.

బాకీలు ఎక్కువైనయి. రోజు ఫైనాన్సోడు ఇంటి ముంగట నిలవడుతున్నడు. కంపెనీ వాళ్లు తీసేసిండ్రు, ఏం రాదన్నరు.
– శివనగర్

మొదట బాకీలన్నీ ఒక్క కాగితం మీద రాయండి: ఎవరిది, అసలు ఎంత, మిత్తి ఎంత, ఏం తాకట్టు. చాలామందికి మొత్తం ఎంతో తెలియదు, ఆ తెలియకపోవడమే రాత్రుళ్లు నిద్ర పోగొడుతుంది. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. రోజు ఫైనాన్స్‌లో పదివేలని చెప్పి తొమ్మిదివేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, ఏడాది లెక్కన దాదాపు 78 శాతం పడుతుంది. ముందు తీర్చాల్సింది ఇదే. ఇంట్లో తులం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి రోజు ఫైనాన్స్ మూసేయడం మేలు. ఒక బాకీ తీర్చడానికి ఫోన్‌లో లోన్ యాప్ తెరవడం మాత్రం వద్దే వద్దు. ఫొటోలు మార్చి బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి. బ్యాంకులు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది.

"ఏం రాదు" అన్నది నమ్మకండి. పది మంది, ఆపైన పనిచేసే చోట ఐదేండ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల మూల వేతనం, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేండ్లు చేశారో దాంతో గుణించాలి. 12,000 మీద ఎనిమిదేండ్లకు సుమారు 55,385 రూపాయలు. ఇవ్వకపోతే కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. జీతంలో ఈఎస్ఐ కోసి ఉంటే, పని పోయినవాళ్లకు సగటు రోజు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. దాని గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ముందు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. జీతం చీటీలు, ఐడీ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు పారేయొద్దు. కేసు నిలబడేది వాటి మీదే.

పక్కింటాయన "ఇగ నేను లేకున్నా నడుస్తది" అంటున్నడు. అడిగితే లేని ఆలోచన పుట్టిచ్చినట్టు అయితదేమో?
– కరీమాబాద్

అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. సూటిగానే అడగండి: "చచ్చిపోవాలె అనిపిస్తున్నదా అన్నా?" ఔనంటే "ఎట్లన్న అనుకున్నవా, ఎప్పుడన్న అనుకున్నవా?" అని అడగండి. ఉపాయం, రోజు రెండూ ఆలోచించి ఉంటే ఆయన్ను ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు, మిగిలిన మాత్రలు ఉంటే ఇంకొకరి ఇంటికి మార్చండి. ఆ కొన్ని గంటలు దాటించడమే చాలాసార్లు మనిషిని దక్కించుకోవడం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా, పగలైనా రాత్రైనా, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి భయపడకండి.

మాది యువజన సంఘం. వాడల నలభై మందికి పని లేదు. ఏదన్న చేద్దామనుకుంటున్నం. యోగా క్లాసు పెట్టమంటున్నరు.
– లేబర్ కాలనీ, వరంగల్

యోగా పెట్టవచ్చు, కానీ మొదట అది కాదు. పని లేని వాడలో ముందు తెగిపోయేది పని కబురు. ఎక్కడ మనిషి కావాలో తెలిసేది పనిలో ఉన్నవాడికి. పనిలో ఉన్నవాళ్లు తగ్గేకొద్దీ ఆ కబురు మోసుకొచ్చే మనుషులే ఉండరు. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు కూడా చిన్న మిల్లు, గోదాం, హోటల్, ఎనుమాముల మార్కెట్ పనుల ముచ్చట అక్కడ దొరకదు.

కాబట్టి ఒక గది, ఒక నోటుబుక్కు, ఇద్దరు మనుషులతో మొదలుపెట్టండి. వాడలోంచి బయటికి పనికి వెళ్తున్న పది పన్నెండు మందిని గుర్తించండి: డ్రైవర్, నర్సు, గోదాం గుమస్తా, ఎలక్ట్రీషియన్. వారానికి రెండుసార్లు వాళ్లకు ఫోన్ చేసి "మీ దగ్గర మనిషి కావాలా?" అని అడిగి, రోజు కూలి ఎంత, ఎన్ని గంటలు, ఎవరిని కలవాలి అన్నవి రాసి గోడ మీద పెట్టండి. నోటుబుక్కులో నలభై మందికీ చేతనైన పని రాయండి. "ఏదైనా చేస్తా" అని రాస్తే ఎవరూ పిలవరు. "వెల్డింగ్, ఆరేండ్లు" అని రాస్తే పిలుస్తారు.

గది పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా. సాయంత్రం వద్దు, పని వెతుకులాట పొద్దుటిది. వచ్చినవాళ్లు దరఖాస్తు నింపడం, ఫోన్లు చేయడం అక్కడే కానివ్వండి, పదిన్నరకు గది మూసేయండి. రోజంతా తెరిచి ఉంచితే నెలలో పేకాట గది అవుతుంది. చెడిపోయే ఇంకో దారి కూడా చెప్పాలి: ఏదో ఒక పార్టీ జెండా గోడకెక్కిన రోజున సగం మంది రావడం మానేస్తారు. చందాలు, చిట్టీలు ఆ గదిలో పెట్టొద్దు. డబ్బు తగాదా ఒక్కటి చాలు గది మూతపడడానికి.

ఆడవాళ్లకు విడిగా టైము పెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర వీలుగా ఉంటుంది. ఇల్లు నడుపుతున్నది చాలా ఇండ్లల్లో వాళ్లే అయినా, పని అడగడానికి మగవాళ్లు నిండిన గదికి రారు. నెలకు ఒకసారి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను పిలవండి. "డిప్రెషన్ క్యాంపు" అని బోర్డు పెడితే ఒక్కరూ రారు. బీపీ, షుగర్ పరీక్షలతో కలిపి పెట్టి, పైన రాసిన తొమ్మిది ప్రశ్నల కాగితం అందరికీ ఇవ్వండి. రెండు వారాలు గదికి రాని మనిషి ఉంటే అతని పేరు నోటుబుక్కులో గుర్తుపెట్టి, సంఘంలో ఇద్దరు ఇంటికి వెళ్లి తలుపు కొట్టండి. వెళ్లేటప్పుడు గోడ మీది పని కబుర్లలోంచి అతనికి సరిపోయేది ఒకటి రాసి తీసుకెళ్లండి.